పంచాయతీకి చెప్పిన మాట

కారమడై దగ్గర రైలు గేటుకు ఇవతల వంతెన పని జరుగుతోంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు కూలీలు ఒక బోర్డు ఎదుట వరసగా నిలబడి, చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. నూనె నేల మీద పోయం. చెత్త కాల్చం. బురద కాలువలోకి వదలం. ప్రతిజ్ఞ తమిళంలో ఉంటుంది. కంపెనీ తరఫున పర్యావరణం చూసే అధికారి కృత్తిక ఒక్కో వాక్యం చదువుతుంది, కూలీలు తిరిగి అంటారు. ఆమె గాంధీపురంలో బస్సెక్కి వస్తుంది. బస్సు ఆలస్యమైన రోజున మేస్త్రీ మారియప్పన్ చదివిస్తాడు.

బోర్డు మీద సెంతిల్ ఫోటో ఉంది. చేతిలో వేపమొక్క. కింద 'ఈ నెల పర్యావరణ వీరుడు' అని రాసి ఉంది. సెంతిల్ ట్యాంకర్ నడుపుతాడు. అతని బండి తిరిగే రోడ్డు మీద బురద చుక్క కనిపించలేదని ఆ గుర్తింపు ఇచ్చారు.

"ఫోటో ఎండకు వెలిసిపోతా ఉండాది, ఛాంపియన్," అంది జెబమలర్. సైటు నుంచి బయటికి పోయే ప్రతి బండి చక్రాలు నీళ్ళు కొట్టి కడగడం ఆమె పని.

"ఫోటోలోనే కదా వదినె. మొగం బాగుండాది."

"మొగం ముందే వెలిసిపోయింది. ముందుకు పోనీ, వెనక చక్రం కడగాల."

మారియప్పన్ గ్యాంగులో అందరూ ఒకే కాలనీవాళ్ళు. కొందరు మారియమ్మకు మొక్కుతారు, కొందరు చర్చికి పోతారు. అందరి ఇంట్లోనూ తెలుగే. సైటులో మాత్రం తమిళం మాట్లాడతారు. పక్కవాడికి అర్థం కాకూడని మాట వచ్చినప్పుడు తెలుగులోకి మారతారు. మారియప్పన్ సెంతిల్‌కు మేనమామ. జెబమలర్ మదురై పిల్ల. సెంతిల్ పెదనాన్న కొడుకు సత్య అక్కడి మాట్టుతావణి కూరగాయల మార్కెట్లో మూటలు మోసే రోజుల్లో ఆమెను చేసుకుని ఇక్కడికి తీసుకొచ్చాడు.

వంతెన స్తంభాల కోసం నేలలోకి లోతుగా గొయ్యి తవ్వుతారు. గోడలు కూలకుండా అందులో బెంటనైట్ మట్టి కలిపిన నీళ్ళు నింపుతారు. తరువాత అడుగు నుంచి కాంక్రీటు పోస్తే ఆ నీళ్ళు బురదతో కలిసి పైకి పొంగి ఇనుప తొట్టిలో పడతాయి. తొట్టి నిండేలోపు ట్యాంకర్ వచ్చి తోడుకుపోవాలి. రాకపోతే కాంక్రీటు ఆపాలి. మధ్యలో ఆగిన గొయ్యి మళ్ళీ పనికిరాదు. ఆ నష్టం మేస్త్రీ నెత్తిన పడుతుంది.

ఆ బురద పోయడానికి కంపెనీ ఒక గుంట తవ్వి ప్లాస్టిక్ షీటు పరిచింది. గుంట రైలు గేటుకు అవతల ఉంది. గేటు పడితే బండ్లు నిలిచిపోతాయి. ఇవతల తొట్టి నిండుతూ ఉంటుంది. మారియప్పన్ ఫోన్ చేస్తాడు. "వండి యాడరా? సీక్రం రారా," అని బండి కోసం తొందరపెడుతూ అరుస్తాడు.

గేటుకు ముందు ఎడమవైపు ఒక మట్టిదారి ఉంది. అది కోదండరామన్ నాయుడు తోటలోకి పోతుంది. తోటలో పంట లేదు. కంచె పడిపోయింది. మధ్యలో రాతిబావి ఉంది. మోటారు తీసేసి చాలా ఏళ్ళయింది. గేటు పడినప్పుడల్లా సెంతిల్ ట్యాంకర్ ఆ దారిలోకి తిప్పేవాడు. గొట్టం బావిలోకి వేసి వాల్వు తిప్పేవాడు. బండి ఖాళీ అయ్యేదాకా తుమ్మచెట్టు కింద నిలబడేవాడు. రోడ్డు మీద చుక్క పడలేదంటే కారణం అదే. బండి ఆ రోడ్డు మీద పోయిందే తక్కువ.

కాలువలోకి వదిలితే ఎవరో ఒకరు చూస్తారు. ఈ బావిని ఎవరూ చూడరు. పైగా అది నాయుడు బావి. దాని మెట్టు మీద తమవాళ్ళు కాలు పెట్టకూడదన్న రోజులు అవ్వ రామాయి చెప్పగా సెంతిల్ విన్నాడు. మొదటిసారి గొట్టం వేసినప్పుడు అతను పై మెట్టు మీద కూర్చుని బీడీ కాల్చాడు.

ఇంకో మాట కూడా విన్నాడు. ఒక కరువు సంవత్సరం పంచాయతీవాళ్ళు కాలనీ బావి అడుగున గోడకు అడ్డంగా బోర్లు వేశారు. వాటిని సైడు బోర్లంటారు. నీళ్ళు పడ్డాయి. కొన్నాళ్ళకు నాయుడు బావి ఎండడం మొదలైంది. కాలనీవాళ్ళు నా బావి తాగేస్తున్నారని కోదండరామన్ పంచాయతీలో ఫిర్యాదు పెట్టాడు. కాలనీ తరఫున మారియప్పన్ లేచి, ఆ బావికీ మా బావికీ సంబంధం లేదన్నాడు. వెనక ఉన్న అందరూ అదే అన్నారు. ఫిర్యాదు నిలవలేదు. ఆ తరువాత కోదండరామన్ స్కూటర్ మీద పోతుంటే పిల్లలు వెంటబడి "వేరే కిణరు, వేరే నీరు" అని అరిచేవాళ్ళు. అరిచినవాళ్ళలో సెంతిల్ ఉన్నాడు. కాలనీలో బావిని కిణరనే అంటారు.

ఆ రోజు పొద్దున కూడా గేటు పడింది. సెంతిల్ తోటలోకి తిప్పి వాల్వు విప్పాడు. బురద పై మెట్టు దాకా వచ్చింది. ఇంకో బండి పట్టదనిపించి సగంలో వాల్వు కట్టేశాడు. మిగిలిన సగంతో సైటుకు తిరిగి వచ్చాడు. టీ వేళ అయింది.

టీ డ్రమ్ము దగ్గర జెబమలర్ గ్లాసు పట్టుకుని ఉంది. మారియప్పన్ సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. కొంచెం దూరంలో కృత్తిక ఫోన్ చూసుకుంటూ టీ తాగుతోంది.

"ఈ పొద్దు ఇంటికి పోయి కుళాయి తిప్పి నన్ను తిట్టొద్దు," అంది జెబమలర్. "నీళ్ళు రావు. మీ అన్న మన కిణర్లో దిగినాడు."

"ఇప్పుడేం తోడేది? తిరునాళ్ళకు ముందు కదా పూడిక తోడేది?"

"నీళ్ళు తగ్గిపోయె. కుండ అడుగున తెల్లంగా పేరుకుంటా ఉండాది. బియ్యం కడిగితే చెయ్యి జారతా ఉండాది. సైడు బోరు మూసుకునింది అంటాడు. నిన్నంతా మోటారు పెట్టి అడుగుదాకా తోడేసినారు. ఈ పొద్దు రాడ్డు పెట్టి పొడిచి తెరుస్తాడంట."

సెంతిల్ గ్లాసు నోటిదాకా తీసుకుపోయి ఆపాడు.

"ఆ సైడు బోరు ఏ పక్కకు పోతాది వదినె?"

"నాకేం తెలుసు, నేను మదురైదాన్ని. మీ మామను అడుగు."

సెంతిల్ మారియప్పన్ పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. అప్పటిదాకా అక్కడ తమిళం నడుస్తోంది. అతను తెలుగులో అడిగాడు.

"మామా, మన కిణరు సైడు బోరు ఏ పక్కకు?"

"తూరుపుకు. ఏంటికి?"

"తూరుపున నాయుడు తోట కదా."

"అవును."

"అయినా దానికీ మనదానికీ సంబంధం లేదు. నువ్వే చెప్తివి."

మారియప్పన్ గ్లాసు కింద పెట్టాడు.

"అది పంచాయతీకి చెప్పిన మాటరా."

అంతలో జెబమలర్ దగ్గరికి వచ్చింది. మారియప్పన్ సెంతిల్ మొహం చూశాడు, తరువాత ట్యాంకర్ చూశాడు.

"నువ్వేం చేస్తివి?"

"గేటు పడినప్పుడంతా ఆడనే పోస్తిని."

"యాడ?"

"నాయుడు కిణర్లో."

"ఎంతదాకా ఉండాది?"

"పై మెట్టుకు."

మారియప్పన్ లేచి నిలబడ్డాడు. ఆ బావి పై మెట్టు దాకా నిండి ఉంది. కాలనీ బావి అడుగుదాకా ఖాళీగా ఉంది. రెంటికీ మధ్య ఉన్నది గడ్డకట్టిన బురద. దాన్ని పొడవడానికి సత్య బోరు మూతి దగ్గర కూర్చుని ఉంటాడు.

"ఫోన్ చెయ్ అమ్మా," అన్నాడు జెబమలర్‌తో.

ఆమె అప్పటికే చేస్తోంది. ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. "చొక్కా విప్పి గట్టు మీద పెట్టి ఉంటాడు. జనరేటరు సద్దులో ఎవురికి వినిపిస్తాది?" అంది. గ్లాసు ఆమె చేతిలోంచి పడింది. వంగి తీయలేదు.

మారియప్పన్ బైకు తీశాడు. వెనక సెంతిల్, అతని వెనక జెబమలర్ ఎక్కారు. సైటు గేటు దాటాక మారియప్పన్ తల తిప్పకుండా మాట్లాడాడు.

"విను. ఒక్క మాట బయట పడితే మన గ్యాంగంతా రోడ్డు మీదికే. వాణ్ణి పైకి రమ్మని చెప్తాం. ఎందుకని చెప్పేది లేదు. అర్థమయిందా?"

"సరి మామా."

"ఎందుకని చెప్పకుంటే ఆయన వస్తాడా?" అంది జెబమలర్. "ఆయన సంగతి నాకు తెలీదా? పట్టిన పని వదలడు. మీ ఇద్దరూ ఏమైనా అనుకోండి. నా మొగుడు పైకి రావాల."

కాలనీ బావి చుట్టూ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. జనరేటరు నడుస్తోంది. చిన్న పంపు ఒకటి అడుగున ఊరే నీళ్ళు తోడి పోస్తోంది. గట్టు మీద రామాయి కూర్చుని ఉంది. ఆమె తండ్రి బావుల మోటకు తోలుసంచులు కుట్టేవాడు. కొత్త సంచితో తోడిన తొలి దోసిలి కుట్టినవాడే తాగాలి. తోలులో తప్పుంటే ముందు వాడికే తెలియాలి. మోటలు పోయాయి. కాలనీ బావికి ఆ కట్టుబాటు మిగిలింది. బావి తోడినవాడు తొలి దోసిలి తాగాకే ఆడవాళ్ళు బిందె ముంచుతారు.

మారియప్పన్ జనరేటరు ఆపాడు. గట్టు మీద చొక్కా ఉంది. దాని జేబులో ఫోన్ మోగి ఆగింది.

"సత్యా!" అని అరిచాడు మారియప్పన్. "పైకి రా!"

"ఎవురది, మామనా?" కింది నుంచి గొంతు వచ్చింది. బావిలో మాట గుండ్రంగా తిరిగి పైకి వస్తుంది. "పంపు ఏంటికి ఆపితిరి?"

"పనుండాది, రా. కంపెనీలో పిలుస్తా ఉండారు."

"నేను కంపెనీలో లేనే మామా!" కింద నవ్వు వినిపించింది. "మూట మోసేవాణ్ణి కంపెనీ ఏంటికి పిలుస్తాది?"

ఆడవాళ్ళలో ఇద్దరు నవ్వారు. సెంతిల్ గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూశాడు. సత్య మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఇనుప రాడ్డు గోడలోని బోరులోకి సగం పోయి ఉంది. బోరు మూతి నుంచి బూడిదరంగు నీళ్ళు సన్నగా కారుతున్నాయి.

"అన్నా, రాడ్డు వదిలేసి రా. తరువాత చూద్దాం."

"ఓ, ఛాంపియన్ వచ్చినాడా! వేపమొక్క తెస్తివా? ఈడ నాటుదువు రా."

"అన్నా, సొన్నా కేళు, చెప్తే విను. పైకి రా."

"వచ్చేసిందిరా. ఇంకొక్క పోటు. తూరుపు ఊట మెత్తబడింది, చెయ్యి పెడితే చల్లగా తగలతా ఉండాది. ఒక్క పోటు పొడిచి వస్తా, అవ్వకు చెప్పు, దోసిలి నాదే."

సత్య రాడ్డు వెనక్కి లాగాడు.

సెంతిల్ మారియప్పన్ వైపు చూశాడు. మారియప్పన్ తల అడ్డంగా ఆడించాడు. రామాయి ఇద్దరినీ చూస్తోంది. జెబమలర్ సెంతిల్ చొక్కా వెనక పట్టుకుంది.

"చెప్పు," అంది.

"పొడవొద్దు అన్నా!" సెంతిల్ అరిచాడు. "నీళ్ళు కాదు అది! నేను పోసిన బురద! బెంటనైట్ సేరు! నాయుడు కిణరు నిండా పోస్తిని! పై మెట్టుదాకా ఉండాది, పొడిస్తే అంతా నీ మీదికే వస్తాది!"

మాట బావిలో తిరిగి, తిరిగి పైకి వచ్చింది. ఆడవాళ్ళలో ఎవరూ నవ్వలేదు.

కింద సత్య రాడ్డు పట్టుకుని అలాగే ఉన్నాడు. పైకి చూశాడు. "నిజమా?" అన్నాడు.

"నిజం."

అతను రాడ్డు వదిలాడు. వదిలిన రాడ్డు దానంతట అది వెనక్కి జరిగింది. బోరు లోపల గురక లాంటి శబ్దం వచ్చింది. సత్య లేచి ఇనుప మెట్ల వైపు నడిచాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టేసరికి రాడ్డు బోరు నుంచి ఎగిరి ఎదుటి గోడకు తగిలింది. దాని వెనక బురద వచ్చింది.

మొదటి దెబ్బ అతని నడుముకు తగిలింది. కాలు జారింది. చేతులతో మెట్టుకు వేలాడాడు. బురద మెట్ల మీద పాకి అంతా జారుడైంది. పైన గిలకకు కట్టిన తాడు కిందికి వదిలారు. సత్య ఒక చేత్తో అందుకున్నాడు. తాడు అతని పిడికిట్లో నిలవలేదు.

"కట్టుకో! నడుముకు కట్టుకో!" అని జెబమలర్ అరిచింది.

"చెయ్యి వదిలితే పడతా!"

సెంతిల్ మెట్లు దిగాడు. మధ్యలో రాతి అంచు ఒకటి ఉంది. దాని మీద పడుకుని, కాళ్ళు ఇనుప మెట్టులో ఇరికించి, తాడు కొసను సత్య చంకల కింది నుంచి తిప్పాడు. ముడి వేయబోతే వేళ్ళు జారాయి. చొక్కా విప్పి తాడుకు చుట్టి, దాని మీద ముడి వేశాడు. బురద సత్య మోకాళ్ళు దాటింది, తొడలు దాటింది. అతని మోకాలి చిప్ప మెట్టుకు గుద్దుకున్న చప్పుడు సెంతిల్‌కు వినిపించింది. సత్య కేక వేయలేదు. సెంతిల్ మొహం చూస్తూ ఉన్నాడు.

"లాగండి!"

రామాయి తాడు పట్టుకున్న చోటు నుంచి వెనక్కి పది మంది ఆడవాళ్ళు పట్టుకున్నారు. బిందెలు గట్టు మీద దొర్లాయి. సత్య పైకి వచ్చాడు. తరువాత సెంతిల్ వచ్చాడు. ఇద్దరికీ కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు.

జెబమలర్ కొంగుతో మొగుడి నోరు తుడిచింది. అతను ఊపిరి తీసుకుంటున్నాడని చూసుకున్నాక లేచి వచ్చి సెంతిల్ చెంప మీద కొట్టింది. చెయ్యి బురదకు జారింది. మళ్ళీ కొట్టింది.

ఎవరూ అడ్డం రాలేదు. బావిలో బురద గోడలు ఎక్కుతూనే ఉంది. ఆ శబ్దం ఒక్కటే వినిపిస్తోంది.

అప్పుడు కంపెనీ అంబులెన్స్ కాలనీలోకి వచ్చింది. వెనక పెద్ద పంపు ఎక్కించిన జీపు ఉంది. మారియప్పన్ చుట్టూ చూశాడు. "ఎవురు పిలిచిరి?" అన్నాడు. ఎవరూ పిలవలేదు.

సత్యను ఎక్కించి పంపాక కోదండరామన్ స్కూటర్ వచ్చింది. అతను తోటలో బండి చక్రాల జాడ పట్టుకుని పోయి తన బావి చూసి వస్తున్నాడు. పై మెట్టు దాకా ఉన్న బురద కళ్ళ ముందే కిందికి దిగింది. దిగి ఎక్కడికి పోయిందో అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. స్కూటర్ దిగకుండా మారియప్పన్‌ను పిలిచాడు.

"ఏం మారియప్పా, నా కిణరుకూ మీ కిణరుకూ సంబంధం లేదంటివే?"

మారియప్పన్ తలగుడ్డ తీశాడు. మళ్ళీ కట్టుకున్నాడు.

"ఉండాది సామీ."

"అందరికీ వినిపించేలా చెప్పు."

"రెండూ ఒకటే కిణరు సామీ. ఆ పొద్దూ ఒకటే."

"నేను పోలీసుకు పోగలను," అన్నాడు కోదండరామన్.

"పోవచ్చు సామీ."

"పోతే మీ నీళ్ళు రేపు బాగవుతాయా? నాయి అవుతాయా?" అతను బావి వైపు చూశాడు. "ముందు తోడండి. నాది తోడకుండా మీది తోడితే మళ్ళీ ఇదే వస్తాది. నా కంచె దాటి రండి, ఎవురూ అడ్డం చెప్పరు. తరువాత మాట్లాడదాం."

సెంతిల్ ఒళ్ళు కడుక్కోకుండానే సైటుకు నడిచాడు. మారియప్పన్ వద్దనలేదు. రమ్మనీ అనలేదు. కృత్తిక ఆఫీసు కంటైనరు బయట నిలబడి ఉంది. సెంతిల్ తమిళంలో మొదలుపెట్టాడు. "మేడం, ఒక తప్పు జరిగింది."

"తెలుగులోనే చెప్పండి," అంది కృత్తిక తెలుగులో. "టీ దగ్గర తెలుగులోనే చెప్పినారు కదా."

సెంతిల్ ఆమె వైపు చూశాడు.

"మాది పీళమేడు. ఇంట్లో తెలుగే. మీరు ఇన్ని నెలలుగా నా ముందరే నన్ను తిట్టేది కూడా అర్థమవుతా ఉండింది." ఆమె నవ్వలేదు. "మీరు బైకు ఎక్కేలోపే నేను అంబులెన్స్‌కు ఫోన్ చేస్తిని. ఆయన ఎట్లుండాడు?"

"కాలు చెడింది. ప్రాణానికి భయం లేదు."

"రిపోర్టు ఇంకా రాయలేదు. మీరు వస్తారా రారా అని చూస్తా ఉంటిని."

"వచ్చినందుకు రాయకుండా ఉంటారా మేడం?"

"రాస్తాను. వచ్చినారని కూడా రాస్తాను. దానితో ఏమవుతాదో నాకు తెలీదు. గ్యాంగును తీసేస్తే తీసేస్తారు." ఆమె బోర్డు వైపు చూసింది. "నేనూ రోడ్డు చూసి ఫోటో పెడితిని. గుంటలో ఎంత పడిందో చూడలేదు. అది కూడా రాయాల."

కంపెనీ తీర్పు వెంటనే రాలేదు. రెండు బావులూ తోడి బురద గుంటలో పోసేదాకా గ్యాంగు ఉంటుంది, తరువాత సంగతి తరువాత అన్నారు. ట్యాంకర్ సెంతిల్‌కే ఇచ్చారు. ఆ దారి అతనికే తెలుసని కాదు. మిగతా డ్రైవర్లు ఎవరూ ఆ బురద ముట్టుకోము అన్నారు.

మొదటి బండి నిండగానే జెబమలర్ క్యాబిన్ తలుపు తెరిచి ఎక్కి కూర్చుంది.

"వదినె, నువ్వేంటికి?"

"గేటు పడితే నీకు తోడుగా."

గేటు పడింది. బండ్లు నిలిచాయి. ఎడమవైపు మట్టిదారి కనిపిస్తోంది. మేట్టుపాళయం రైలు వచ్చి పోయింది. గేటు లేవలేదు, ఇంకో రైలు ఉందన్నారు. సెంతిల్ స్టీరింగు మీద వేళ్ళు కొట్టాడు. జెబమలర్ అతని వేళ్ళు చూసింది. అతను కొట్టడం ఆపాడు. గుంట దగ్గర ఆమె దిగి, చివరి చుక్క పడేదాకా గొట్టం పక్కన నిలబడింది. ప్రతి బండికీ అలాగే జరిగింది.

మధ్యలో కృత్తిక ఒకటి గమనించి మారియప్పన్‌ను అడిగింది. కాంక్రీటు లారీల డ్రైవర్లు అంతకు ముందు డ్రమ్ము కడిగిన నీళ్ళు రోడ్డు పక్కన వదిలేవాళ్ళు. ఎన్నిసార్లు జరిమానా వేసినా మానలేదు. ఇప్పుడు గుంట దాకా పోతున్నారు.

"జరిమానాకు కాదు మేడం," అన్నాడు మారియప్పన్. "చక్రాలు కడిగేటప్పుడు జెబమలర్ ఒక్కొక్కణ్ణీ ఒక మాట అడుగుతాది. మీ ఇంటికి నీళ్ళు ఏ పక్క నుంచి వస్తాయి అని. ఎవుడికీ తెలీదు. తెలీదని చెప్పి పోయినోడు దారంతా ఆలోచిస్తాడు కదా."

"మీకు తెలుసు కదా."

"తెలుసు. తెలిసే కదా సంబంధం లేదని చెప్పింది."

నాయుడు బావి అడుగు కనిపించింది. తరువాత కాలనీ బావి అడుగు కనిపించింది. సత్య కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. మిగిలిన పని సెంతిల్ చేశాడు. బావిలో దిగి గోడలు కడిగాడు. రాడ్డు పెట్టి బోరు పొడిచాడు. పొడిచే ముందు అవతల బావి గట్టు మీద కోదండరామన్ నిలబడి, నీళ్ళు ఎంత ఉన్నాయో మారియప్పన్‌కు ఫోన్‌లో చెప్పాడు. బోరు నుంచి ముందు బూడిదరంగు వచ్చింది. దాన్ని తోడేశారు. మళ్ళీ ఊరనిచ్చి మళ్ళీ తోడారు. కృత్తిక సీసాలో పట్టి పరీక్షకు పంపింది. తాగవచ్చని జవాబు వచ్చింది.

ఆ జవాబు రామాయికి చదివి వినిపించారు.

"సరి," అంది రామాయి. "తోడినోడు యాడ?"

ఆడవాళ్ళు బిందెలతో నిలబడ్డారు. సత్యను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. గ్యాంగు సంగతి కంపెనీ ఇంకా తేల్చలేదు. ఆ పొద్దున మారియప్పన్ దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

"దోసిలి నాది అంటిని కదా," అన్నాడు సత్య. "ఇప్పుడు నాకొద్దు. వాడే తోడినాడు, వాడే తాగనీ."

రామాయి బొక్కెన వంచింది. సెంతిల్ దోసిలి పట్టాడు. నీళ్ళలోంచి అరచేతి గీతలు కనిపించాయి. అతను నీళ్ళను వాసన చూడబోయి, అందరూ చూస్తున్నారని ఆగి, తాగాడు.

"ఎట్లుండాది?" అంది రామాయి.

"బాగుండాది అవ్వా."

"ఇంకొక దోసిలి," అంది జెబమలర్.

రామాయి మళ్ళీ వంచింది. అతను మళ్ళీ తాగాడు. నీళ్ళు గడ్డం మీదుగా కారాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి బిందెలు ముంచారు. జెబమలర్ ముంచలేదు. ఆమె బిందె నడుముకు ఎత్తుకుని నిలబడి అతన్ని చూసింది.

"రేపు పొద్దున నువ్వు లేచి నడిచి మా ఇంటిదాకా రా," అంది. "నిన్ను చూసినాక నింపుకుంటా."

ఖాళీ బిందెతో ఇంటికి పోయింది.